ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టం

ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ సిస్టం (సంక్షిప్తంగా సీబీసీఎస్) అనునది విద్యార్థి కొన్ని పాఠ్యాంశాలను స్వయంగా ఎంచుకొని, ఒక్కొక్కదానికి నిర్ణయించిన క్రెడిట్లను సెమిస్టర్ల వారీగా సంపాదించి పట్టా పొందే విద్యావిధానము. తెలంగాణలో సాధారణ డిగ్రీ కోర్సులకు ఇది 2016-17 విద్యాసంవత్సరము నుండి అమలులోనికి వచ్చింది. హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతాలలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలు ఈ మార్పు పరిధిలోనికి వచ్చాయి.

నేపథ్యము

అంతకుముందు డిగ్రీలో వార్షిక పరీక్షలు ఉండేవి. ఏడాది చదువంతా కొన్ని గంటల పరీక్షపై ఆధారపడుటచే, ముఖ్యమైన ప్రశ్నలను కంఠస్థము చేసి ఉత్తీర్ణులగుట సాధ్యమయ్యేది. నిరంతర మూల్యాంకనము, విషయాల ఎంపిక ఈ లోపానికి పరిష్కారముగా ప్రతిపాదించబడ్డాయి.

గ్రేడు లెక్కింపు

ప్రతి పాఠ్యాంశములో వచ్చిన గ్రేడు పాయింట్లను దాని క్రెడిట్లతో గుణించి, ఆ మొత్తాన్ని మొత్తం క్రెడిట్లతో భాగించగా సెమిస్టరు సగటు (ఎస్‌జీపీఏ) వస్తుంది. ఉదాహరణకు 5 క్రెడిట్ల విషయములో 8, 4 క్రెడిట్ల విషయములో 9, 2 క్రెడిట్ల విషయములో 7 పాయింట్లు వస్తే, మొత్తం 90ని 11తో భాగించగా సగటు 8.18 అవుతుంది. ఉస్మానియా బీకాం ప్రధాన పత్రాలలో 80 మార్కులు విశ్వవిద్యాలయ పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి కేటాయించబడ్డాయి.

స్వయంప్రతిపత్తి కళాశాలలు

అనుబంధ కళాశాలకు పాఠ్యప్రణాళికను, ప్రశ్నపత్రాన్ని విశ్వవిద్యాలయమే ఇస్తుంది. స్వయంప్రతిపత్తి గల కళాశాలలో పాఠ్యమండలి, పరీక్షల విభాగము కళాశాలవే. పట్టా మాత్రము విశ్వవిద్యాలయము ప్రదానము చేస్తుంది. 1954లో స్థాపితమైన నారాయణగూడలోని రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఇటువంటిది. బోధించువారే ప్రశ్నపత్రమును కూడా మార్చగలుగుట ఈ హోదా వలన కలుగు ప్రధాన ప్రయోజనము.

అభ్యసన ఫలితాలు

కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏమి చేయగలగాలో ముందుగా నిర్ణయించి, బోధనను, పరీక్షను దానికి అనుగుణముగా రూపొందించుట ఫలితాధారిత విద్య. బ్యాలెన్స్ షీటును విశ్లేషించుట లక్ష్యమైనపుడు దాని నిర్వచనము అడుగు ప్రశ్న ఆ లక్ష్యమును కొలవలేదు. ఒక సంస్థ లెక్కలనిచ్చి అప్పు ఇవ్వవచ్చునా అని అడుగు ప్రశ్న కొలవగలదు. 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందము ప్రకటించిన వర్గీకరణ ఇందుకు విస్తృతముగా వాడబడుతున్నది. భారతదేశము 2014లో వాషింగ్టన్ ఒప్పందములో శాశ్వత సభ్యత్వము పొందిన తరువాత ఇంజనీరింగు విద్యలో ఈ పద్ధతికి ప్రాధాన్యము పెరిగింది.

విమర్శలు

 * సెమిస్టరు కాలము తక్కువగుటచే బోధనకంటె పరీక్షలకే ఎక్కువ సమయము పోవుచున్నదను అభిప్రాయమున్నది.
 * అధ్యాపకులు లేని విషయములో ఎంపిక కాగితముపైనే మిగులుతుంది.
 * అంతర్గత పరీక్ష కూడా కంఠస్థ పరీక్షగానే ఉంటే మార్కుల విభజన మారుతుందే కాని అభ్యసనము మారదు.
 * పలు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు పట్టా అర్హత మాత్రమే. డిగ్రీ గ్రేడు ర్యాంకులో లెక్కకు రాదు. అశోక్‌నగర్ శిక్షణ సంస్థలలోను, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములోను పట్టభద్రులు మరల కొన్నేళ్ళు చదువుట ఈ అంతరానికి నిదర్శనము.

ఇవి కూడా చూడండి

 * ఉస్మానియా విశ్వవిద్యాలయము
 * నారాయణగూడ
 * చిక్కడపల్లి