నలభైతొమ్మిదేళ్ళ పెళ్ళికొడుకు

ప్రేమించడం చాతకాని మగవాడికి మన సినిమాలలో చాలాకాలం వొకటే చోటు వుండేది. అది హాస్యగాడి చోటు. మాట తడబడేవాడు, ఆడపిల్ల యెదుట చెమటలు పట్టేవాడు, వయసు మీరినా పెళ్ళికానివాడు తెరమీద కనిపించగానే ప్రేక్షకులు నవ్వడానికి సిద్ధపడేవారు. రేలంగి, రమణారెడ్డి, పద్మనాభం, రాజబాబు వంటి గొప్ప నటులు ఆ నవ్వును పండించారు. వారి ప్రతిభను తక్కువ చెయ్యడం నా వుద్దేశం కాదు. అయితే నలుగురినీ నవ్వించిన ఆ మనిషి రాత్రి ఇంటికి పోయి, వొక్కడే అన్నం వండుకొని, దీపం ఆర్పుకొన్న తరవాత ఏం ఆలోచిస్తాడన్న ప్రశ్న మన దర్శకులకు సాధారణంగా తోచలేదు.

2018 సెప్టెంబరు 7న విడుదలయిన "కేరాఫ్ కంచరపాలెం" ఆ మనిషి వెంట ఇంటిదాకా వెళ్ళిన చిత్రం. వెంకటేష్ మహాకు దర్శకుడిగా అది మొదటి చిత్రం. అమెరికాలో గుండెవైద్యురాలిగా పనిచేసే పరుచూరి ప్రవీణ దానికి డబ్బు పెట్టడమేగాక అందులో సలీమా అనే పాత్ర ధరించింది. నటీనటులలో చాలామంది విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే. వారికి అంతకుముందు కెమేరాతో పరిచయం లేదు. రాజు వేషం వేసిన సుబ్బారావూ, రాధ వేషం వేసిన రాధా బెస్సీ కూడా ప్రేక్షకులకు కొత్తవారే.

కథ పైకి చాలా చిన్నది. రాజుకు నలభైతొమ్మిదేళ్ళు. ప్రభుత్వ కార్యాలయంలో అటెండరు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదన్నది పేటకంతా వినోదం. అతని మగతనాన్ని గురించి కూడా గుసగుసలు పోతాయి. ఆ కార్యాలయానికి ఒడిశానుంచి రాధ అనే అధికారిణి బదిలీమీద వస్తుంది. ఆమెకు నలభైరెండేళ్ళు, భర్త పోయాడు, ఎదిగిన కూతురు వున్నది. ఆమె తెలుగులో ఒడియా యాస వినిపిస్తుంది. అధికారిణికీ అటెండరుకూ మధ్య మొదలయిన స్నేహం పెళ్ళిదాకా వస్తుంది. దీని పక్కనే మరి మూడు ప్రేమకథలు నడుస్తూ వుంటాయి. బడిలో చదివే సుందరం, సునీతల కథ వొకటి. వస్తాదు దగ్గర పనిచేసే జోసెఫ్, బ్రాహ్మణ యువతి భార్గవిల కథ రెండోది. సారాయి దుకాణంలో పనిచేసే గడ్డం, అక్కడికి రోజూ వచ్చే సలీమాల కథ మూడోది.

చివరి మలుపు చెప్పకుండా యీ చిత్రాన్ని గురించి పనికొచ్చే మాట చెప్పడం కుదరదు గనుక, చూడనివారు నన్ను మన్నించాలి. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు నలుగురు కారు, వొక్కడే. మనం పక్కపక్కన జరుగుతున్నాయనుకున్న కథలు వొకే మనిషి జీవితంలో వొకదాని తరవాత వొకటి జరిగినవి.

దీనిని చాలామంది కథనంలో చమత్కారంగా మెచ్చుకొన్నారు. నాకు మాత్రం ఆ చమత్కారంలో వొక వాదన కనిపించింది. రాజు బిడియం రాజు స్వభావం కాదు. అది అతనికి జరిగినవాటి మొత్తం. సునీత తండ్రి కూతురిని అతనికి దూరం చేశాడు. భార్గవి తండ్రి వొత్తిడికి లొంగి మరొకరిని పెళ్ళాడింది. సలీమా వేశ్యావృత్తిలో వున్న మనిషి అని తెలిసిన తరవాత కూడా గడ్డం ఆమెను కోరుకొన్నాడు, ఆమెను చంపేశారు. ఇన్ని జరిగినవాడు నలభైతొమ్మిదో యేట ఆడదాని యెదుట మాట తడబడితే అందులో నవ్వవలసింది ఏమున్నది? చిత్రం మొదటి సగంలో మనం పేటవాళ్ళతో కలిసి అతన్ని చూసి నవ్వుతాం. ఆఖరున ఆ నవ్వుకు మనచేత లెక్క చెప్పిస్తుంది.

పెళ్ళి కాని మగవాడు మన సాహిత్యానికి కొత్తవాడు కాడు. గురజాడ పుట్టిన యస్. రాయవరం మా నర్సీపట్నానికి పెద్ద దూరం కాదు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడ్డాక రెండు వూళ్ళూ ఆ జిల్లాలోకే వచ్చాయి. "కన్యాశుల్కం" 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. ఆ నాటకానికి వెనుక వొక జాబితా వున్నది. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకొని జరిగిన బ్రాహ్మణ వివాహాలను లెక్క కట్టించారు. అవి 1034 అని గురజాడ తన పీఠికలో రాశారు. ఆ పెళ్ళికూతుళ్ళలో ఏడాది వయసు పసిబిడ్డలు కూడా వున్నారు. ఆ లెక్కను మనం ఎప్పుడూ ఆడపిల్లల వైపునుంచే చదువుతాం, అది న్యాయమే. ఎందుకంటే అమ్ముడుపోయింది వాళ్ళు. కాని పిల్లకు ధర పెట్టిన సంతలో కొనలేనివాడు ఏమవుతాడన్న ప్రశ్న కూడా ఆ లెక్కలోనే వున్నది. డబ్బున్న లుబ్ధావధాన్లుకు ముసలితనంలోనూ పిల్ల దొరకబోతుంది. లేనివాడు బ్రహ్మచారిగా మిగులుతాడు. అతని వొంటరితనానికి కారణం జాతకంలో వెతికారుగాని ధరలో వెతకలేదు.

మరొక మనిషి రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "అల్పజీవి"లోని సుబ్బయ్య. ఇతనికి పెళ్ళయింది, అయినా వొంటరివాడే. తాను అల్పుడినని నమ్మి బతికే యీ భయస్థుడిని రావిశాస్త్రిగారు ఎగతాళి చెయ్యలేదు, అతని మనసులోకి దిగి భయం ఎక్కడ తయారవుతుందో చూశారు. రాజుకు నిజమయిన పూర్వీకుడు రేలంగి కాదు, యీ సుబ్బయ్య. ఇద్దరూ విశాఖ గాలి పీల్చినవాళ్ళు కావడం యాదృచ్ఛికం కావచ్చుగాని నాకు నచ్చిన యాదృచ్ఛికం.

ఇక సినిమాల చరిత్ర. కులం దాటిన ప్రేమను తెలుగు తెర చాలా తొందరగానే చూపించింది. గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" 1938లో వచ్చింది. కథ చలంది. పూజారి కొడుకు హరిజన యువతిని ప్రేమిస్తాడు, వూరు విడిచి ఆమెతో కలకత్తా పోతాడు, చివరికి సనాతనుడయిన తండ్రి మనసు మారుతుంది. దేవాలయ ప్రవేశోద్యమం నడుస్తున్న రోజులవి. చిత్రం ఆ వేడిలోనుంచి పుట్టింది, ఆ ఆశతోనే ముగిసింది.

పదిహేడేళ్ళకు, 1955లో, "మిస్సమ్మ" వచ్చింది. మన హాస్యప్రణయ చిత్రాలలో దానికి సాటి రాగలవి తక్కువ. నిరుద్యోగం మీద అంత సున్నితమయిన వ్యంగ్యం కూడా తక్కువే. భార్యాభర్తలకే యిస్తామన్న ఉద్యోగం కోసం యిద్దరు పట్టభద్రులు దంపతులుగా నటిస్తారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. కాని చిక్కు విడిపోయే తీరు చూడండి! మేరీ నిజానికి ఆ జమీందారు ఇంట చిన్ననాడు తప్పిపోయిన పిల్ల, మహాలక్ష్మి. మతభేదాన్ని ప్రేమ జయించలేదు, పుట్టుమచ్చ జయించింది. చక్రపాణి, ఎల్.వి. ప్రసాద్‌లను తప్పుపట్టడానికి యీ మాట అనడంలేదు. 1938 నాటి ఆశ 1955 నాటికి ఎక్కడ ఆగిందో ఆ ముగింపు నిజాయితీగా చూపిస్తున్నది. ప్రేక్షకులు మతాంతర వివాహాన్ని రెండున్నర గంటలసేపు హాయిగా చూడగలరు, చివరి పది నిమిషాలలో అది మతాంతరం కాదని తేలితే చాలు.

2002కు వచ్చేసరికి బిడియం అనేదే కథానాయకుడికి నేరమయింది. మా ప్రాంతంలో పెరిగి వెళ్ళిన పూరీ జగన్నాథ్ ఆ సంవత్సరం తీసిన "ఇడియట్" విపరీతంగా ఆడింది. కమిషనరు కూతురి వెంటబడే కుర్రవాడికి తడబాటంటే తెలియదు. ఆమె యిష్టం అతనికి ప్రశ్నే కాదు, కొంత ఆలస్యంగా వచ్చే సమాధానం మాత్రమే. ఆ చిత్రం చూసి మేమూ యీలలు వేశాం, దాచడం దేనికి? చిత్రమేమిటంటే సరిగ్గా అదే 2002లో పాల్ థామస్ ఆండర్సన్ అనే అమెరికన్ దర్శకుడు ఏడుగురు అప్పచెల్లెళ్ళ వేళాకోళం మధ్య నలిగిపోయి, కోపాన్నీ ప్రేమనూ రెండింటినీ సరిగ్గా పలకలేని చిన్నవ్యాపారిని కథానాయకుడిగా పెట్టి "పంచ్ డ్రంక్ లవ్" తీశాడు. అటువంటి మనిషి మన తెరమీదికి యెక్కడానికి యింకా పదహారేళ్ళు పట్టింది.

అంతకన్నా దగ్గరి బంధువు 1955 నాటి "మార్టీ". న్యూయార్కు నగరంలో బ్రాంక్స్ వాడకు చెందిన ముప్పైనాలుగేళ్ళ కసాయి అందులో నాయకుడు. వచ్చిపోయే ప్రతివారూ పెళ్ళెప్పుడని అతన్ని పొడుస్తూ వుంటారు. తీరా అతను వొక వుపాధ్యాయురాలిని యిష్టపడితే, అదే తల్లీ అదే స్నేహితులూ ఆమెకు వంకలు పెడతారు. యీ చిత్రానికి కాన్ ఉత్సవంలో బహుమతీ, ఆస్కారూ వచ్చాయి. కథానాయిక బెట్సీ బ్లెయిర్ వామపక్ష అభిమాని అన్న కారణంచేత ఆనాడు హాలీవుడ్ నిషేధపు నీడలో వుండింది. భర్త జీన్ కెల్లీ స్టూడియోతో పోట్లాడితేగాని ఆ వేషం దక్కలేదు. వొంటరివాళ్ళను గురించిన చిత్రంలో నటించిన మనిషి తాను వెలిలో వుండి నటించింది.

"మార్టీ"కీ మన చిత్రానికీ వొక ముఖ్యమయిన తేడా వున్నది. బ్రాంక్స్ స్నేహితులు మార్టీని వెనక్కి లాగుతారు. కంచరపాలెంలో రాజును యేడిపించినవాళ్ళే చివరికి అతని పెళ్ళికి సాయం పడతారు. రాధ కూతురు కాదనదు. అడ్డుపడేది రాధ పుట్టింటి మగవాడు. వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆనాటి వధువు బాలవితంతువు. చిన్నపిల్లలు గనుక వారి పక్షాన జాలితో మాట్లాడడం సంస్కర్తలకు సాధ్యమయింది. నలభైరెండేళ్ళ వయసులో, పెద్ద ఉద్యోగంలో వున్న మనిషి, జాలి అక్కరలేని మనిషి, మళ్ళీ పెళ్ళి చేసుకొంటానంటే వాదించడానికి ఎవరున్నారు? యీ చిత్రంలో నేను అన్నిటికన్నా మెచ్చేది రాధను జాలితో చూడకపోవడం. పైగా ఆమె అధికారిణి, అతను బంట్రోతు. మన సినిమాలలో ఆ వరస తిరగబడితే సాధారణంగా ఆఖరుకు ఆడదాని పొగరు అణగాలి. ఇక్కడ అణగవలసిన పొగరే లేదు.

పేట మొత్తం మంచిదయిపోవడం మాత్రం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. చిత్రం విడుదలయిన వారానికి, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో వొక దళిత క్రైస్తవ యువకుణ్ణి ఆసుపత్రి బయట గర్భవతి అయిన భార్య కళ్ళయెదుట నరికి చంపారు. చంపించింది ఆమె తండ్రి అని పోలీసులు ఆయన్ను అరెస్టు చేశారు. సినిమాహాలులో జోసెఫ్, భార్గవిల కథకు కన్నీళ్ళు పెట్టుకొని బయటికి వచ్చినవాళ్ళు యింటిదగ్గర ఆ వార్త విన్నారు. "మాలపిల్ల"కు యిది ఎనభయ్యో సంవత్సరం. దర్శకుడు జోసెఫ్‌ను బతకనిచ్చాడు, అది కళాకారుడి దయ. అయితే రాజు ఏ కులంలో పుట్టాడన్న సంగతి చిత్రం దాటవేసింది. కులం చెప్పని మనిషిని అందరూ ప్రేమించగలరు. చెప్పివుంటే కంచరపాలెం యింత సులభంగా కరిగేదా, హాలులోని మనం కరిగేవాళ్ళమా అన్న అనుమానం నన్ను విడవలేదు.

కిందటేడు యీ చిత్రాన్ని మా డిగ్రీ విద్యార్థులకు గోడకు దుప్పటి కట్టి చూపించాం. చర్చలో వొక అమ్మాయి లేచి, "సార్, కథంతా రాజుదే. భార్గవి పెళ్ళయాక ఎలా బతికిందో ఎవరు చెప్తారు? సలీమా చచ్చిపోయింది కాబట్టి ఆయన గొప్పవాడయ్యాడు గాని, ఆమె కథ ఆమెకెక్కడుంది?" అని అడిగింది. నేను తయారు చేసుకొని వెళ్ళిన వుపన్యాసంలో దీనికి జవాబు లేదు. చిత్రంలోనూ లేదు. జ్ఞాపకం అతనిది గనుక ఆ స్త్రీలు అతని జీవితంలో అధ్యాయాలుగానే వస్తారని సమర్థించబోయాను. ఆ అమ్మాయి వొప్పుకోలేదు, ఆ మాటకొస్తే నేనూ వొప్పుకోలేదు.

దుప్పటి విప్పి మడతపెట్టింది మా అటెండరు. అతనికి నలభైఅయిదు దాటాయి, పెళ్ళి కాలేదు. "ఏటి, పప్పన్నం ఎప్పుడెడతావు?" అని స్టాఫు గదిలో మేమంతా అతన్ని అడుగుతూ వుంటాం. ఆరేళ్ళుగా నేనూ అడిగాను, అడిగి నవ్వాను. అతనూ నవ్వేవాడు. సినిమా అంతా తలుపు దగ్గర నిలబడి చూశాడని నాకు అప్పుడే తెలిసింది. "ఆ రాజు యాక్టరేనేటండీ?" అన్నాడు. కాదు, అక్కడి మనిషేనని చెప్పాను. "అలాగే ఉన్నాడండి" అని దుప్పటి భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆ పప్పన్నం మాట నేను ఎత్తలేదు. మిగతావాళ్ళు ఎత్తుతూనే వున్నారు.