అణాలు పోయి నయాపైసలు వచ్చిన వేళ

1957లో హోసూరు, కృష్ణగిరి మద్రాసు రాష్ట్రమందలి సేలం జిల్లా తాలూకాలు. 1953లో ఆంధ్రరాష్ట్రం వేరుపడినా ఇక్కడి తెలుగువారు మద్రాసు పక్షముననే నిలిచిపోయారు. ఆ ఏట మార్చి 27న తెలుగు 'మాయాబజార్', ఏప్రిల్ 12న దాని తమిళ రూపం వెలువడినవి. రెంటను కృష్ణుడు రామారావే. అభిమన్యుడు మాత్రం తెలుగున నాగేశ్వరరావు, తమిళమున జెమినీ గణేశన్.

ఈ రెంటి నడుమ, ఏప్రిల్ 1న, నాణెములు మారినవి. పదహారణాల రూపాయి నూరు నయాపైసలైనది. అణాకు న్యాయంగా ఆరుంబావు రావలెను. పావు నయాపైసకు నాణెమేదీ? అందుచే అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25 అని సర్కారు పట్టిక వేసింది. అణా సరుకు నాలుగుమార్లు కొన్నవాడికి 24, ఒక్కమారు కొన్నవాడికి 25! అంగడిలో తగవుకు ఆ ఒక్క నయాపైస చాలును. పాత నాణెములు కొంతకాలం కొత్తవాటితో కలిసే చెలామణీ అయినందున చిక్కు మరింత పెరిగింది. 1964 జూన్ 1న 'నయా' తొలగి పైసా మిగిలింది. పావలా పేరు మాత్రం 25 పైసల బిళ్ళకు అంటుకొని, 2011లో ఆ బిళ్ళ రద్దగువరకు నిలిచింది.