సీసాలో జఠరాగ్ని: జీర్ణ ఎంజైముల కథ

తెలుగు మీడియంలో చదువుకున్న మా తరం వారికి హైస్కూలు జీవశాస్త్ర పుస్తకంలోని ఒక పట్టిక గుర్తుండే ఉంటుంది. మొదటి గడిలో గ్రంథి, పక్కన అది స్రవించే రసం, ఆ పక్కన ఎంజైము, చివరి గడిలో అది దేనిని దేనిగా మారుస్తుందన్న వివరం. లాలాజలంలో టయలిన్, జఠరరసంలో పెప్సిన్, క్లోమరసంలో ట్రిప్సిన్, ఎమైలేజ్, లైపేజ్. అర్థమైనా కాకపోయినా గడగడా అప్పజెప్పేవాళ్ళం. దాదాపు నలభై ఏళ్ళ తరువాత ఆ పేర్లన్నీ అమెరికాలో ఒక ప్లాస్టిక్ సీసా వెనుక వరుసగా కనిపించాయి.

ఆ సీసా నాకు చూపించింది ఒక యువ మిత్రుడు. కొన్నేళ్ళ క్రితం ఉగాది విందులో పులిహోర పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో జేబులోంచి సీసా తీశాడు. "భోజనం చేశాక కడుపు ఉబ్బరంగా ఉంటోంది డాక్టరుగారూ, ఇవి వాడొచ్చా?" అని అడిగాడు. లేబుల్ మీద ఒక చూపు వేసి, "వాడండి, నష్టమేమీ లేదు" అన్నాను. ఆ జవాబు తప్పని తరువాత తెలిసింది. అది ఎందుకు తప్పో వివరించాలంటే ఈ మాత్ర చరిత్ర కొంత చెప్పుకోవాలి.

గద్ద, గుడ్డసంచి, తుపాకీ గాయం

అన్నం అరగడాన్ని మన పూర్వులు వంటతో పోల్చారు. పచనం, జఠరాగ్ని అన్న మాటలు ఆ ఊహ నుంచి వచ్చినవే. 18వ శతాబ్దపు యూరప్‌లోనూ దీనిపై వాదం నడిచింది. కడుపు తిరగలిలా నూరుతుందని కొందరు, పిండి పులిసినట్టు ఆహారం లోపల పులుస్తుందని మరికొందరు అనేవారు.

1752లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమూర్ ఈ వాదాన్ని ఒక పెంపుడు గద్ద సాయంతో పరీక్షించాడు. గద్ద తనకు అరగని వాటిని కక్కేస్తుంది. ఆయన ఒక లోహపు గొట్టంలో మాంసం ముక్క పెట్టి, రెండు చివరలా జాలీ బిగించి, దానిచేత మింగించాడు. గొట్టం లోపలి మాంసానికి నూరుడు తగలదు. అయినా గొట్టం బయటికి వచ్చేసరికి మాంసం కొంత కరిగిపోయింది. అంటే పని చేసినది రసమే. తరువాత ఇటలీలో స్పల్లంజాని ఆహారం నింపిన గుడ్డసంచులను తానే మింగి చూశాడు. జఠరరసాన్ని గాజుగొట్టాల్లో పోసి, మాంసం వేసి, ఒంటి వేడి తగిలేలా చంకలో పెట్టుకున్నాడు. శరీరం బయట కూడా మాంసం కరిగింది.

మూడో ప్రయోగశాల ఒక మనిషి కడుపు. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో, బొచ్చు చర్మాల వర్తకుల దుకాణంలో పొరపాటున తుపాకీ పేలి అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి కడుపు చీలింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు కానీ జఠరంలోకి తెరుచుకున్న రంధ్రం పూడలేదు. 1825 నుంచి బోమాంట్ ఆ రంధ్రం గుండా పట్టుదారానికి కట్టిన మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను లోపలికి వదిలి, కొంతసేపయ్యాక బయటికి లాగి చూసేవాడు. 1833లో 238 ప్రయోగాలతో పుస్తకం ప్రచురించాడు. సెయింట్ మార్టిన్ నిరుపేద, బోమాంట్ దగ్గర జీతానికి ఉన్నవాడు. విసిగి కెనడాకు వెళ్ళిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 1880లో అతడు చనిపోయినప్పుడు, వైద్యులు శవాన్ని కోసి పరీక్షించకుండా కుటుంబం వారు అది కుళ్ళేవరకు ఉంచి, లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టారు. మన పాఠ్యపుస్తకంలోని జఠరరసం వెనుక ఈ మనిషి ఉన్నాడు.

ఇక పేర్లు వచ్చాయి. 1833లో పారిస్‌లో పాయెన్, పెర్సోజ్‌లు మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని చక్కెరగా మార్చే డయాస్టేజ్‌ను వేరుచేశారు. 1836లో జర్మనీలో థియోడోర్ ష్వాన్ జఠరరసంలోని పదార్థానికి పెప్సిన్ అని పేరు పెట్టాడు. ఇటువంటి పదార్థాలన్నింటికీ కలిపి 1877లో విల్హెల్మ్ క్యూనె ఎంజైము అన్న పేరు ఖాయం చేశాడు.

పెప్సిన్ అంగడి

పేరు పెట్టిన రెండు దశాబ్దాలలోపే పెప్సిన్ మందుగా మారింది. 1850లలో పారిస్ వైద్యులు జంతువుల జఠరాల నుంచి తీసిన పెప్సిన్‌ను అజీర్తికి ఇవ్వసాగారు. శతాబ్దం చివరికి అది పొడిగా, ద్రాక్షసారాయిలో కలిపిన టానిక్‌గా, చివరికి చూయింగ్ గమ్‌గా కూడా దొరికేది. ఉత్తర కరోలినాలో కేలెబ్ బ్రాడమ్ అనే ఫార్మసిస్టు తన పానీయానికి 1898లో పెట్టిన పెప్సీ-కోలా అన్న పేరు కూడా అజీర్తిని సూచించే డిస్పెప్సియా అన్న మాట నుంచి వచ్చిందే.

ఈ వ్యాపారం వెనుక ఒక తర్కం ఉంది: పెప్సిన్ ఆహారాన్ని అరిగిస్తుంది, నాకు అరగడం లేదు, కాబట్టి నాకు పెప్సిన్ తక్కువైంది. వినడానికి సబబుగా ఉన్నా మధ్యలో ఒక మెట్టు లేదు. తక్కువైందో లేదో ఎవరూ కొలవలేదు. పైగా మాంసకృత్తులను అరిగించే పని పెప్సిన్ ఒక్కదానిదే కాదు. 1897లో జూరిక్‌లో కార్ల్ ష్లాటర్ క్యాన్సర్ సోకిన ఒక మహిళ జఠరాన్ని పూర్తిగా తొలగించాడు. ఆమె తింటూ, తిన్నది అరిగించుకుంటూ ఏడాదికి పైగా జీవించింది. అసలు పని చాలావరకు దిగువన, చిన్నపేగులో, క్లోమరసం వల్ల జరుగుతుంది.

బూజు నుంచి మందు

ఈ చరిత్రలో నాకు అత్యంత ప్రీతిపాత్రుడు జోకిచి తకమినె. ఆయన తల్లి జపాన్‌లో బియ్యపు మద్యం, సాకే, తయారుచేసే కుటుంబానికి చెందినది. అన్నం మీద కోజి అనే బూజు పెంచి, అందులోని ఎంజైములతో పిండిని చక్కెరగా మార్చడం వారి కులవిద్య. ఆ బూజుతో విస్కీ చేయవచ్చునని 1890లో తకమినె అమెరికా వచ్చాడు. బార్లీని మొలకెత్తించి అమ్మే వర్తకులు వ్యతిరేకించారు. కర్మాగారం కాలిపోయింది. విస్కీ కల చెదిరింది కానీ, 1894లో అదే బూజు ఎంజైముకు పేటెంటు సంపాదించాడు. పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని టాకా-డయాస్టేజ్ పేరుతో అమ్మింది. పరాయి దేశంలో మన వంటింటి విద్యను ప్రయోగశాల భాషలోకి మార్చి నిలదొక్కుకున్న మనిషి కథ ప్రవాసులమైన మనకు పరాయిది కాదు.

ఆ మందు తిరిగి జపాన్ చేరింది. 1905లో మొదలైన నత్సుమే సోసెకి నవల 'నేను పిల్లిని'లో కడుపునొప్పితో బాధపడే పంతులు టాకా-డయాస్టేజ్ వాడుతుంటాడు. సోసెకికీ కడుపు జబ్బు ఉండేది. 1916లో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, జఠరంలోని పుండు వల్లే ఆయన మరణించాడు. టాకా-డయాస్టేజ్ పిండిపదార్థాన్ని అరిగించగలదు. పుండును మాన్పలేదు. మందులో కల్తీ లేదు, చేస్తానన్న పని అది చేస్తుంది. కానీ రోగికి ఉన్న జబ్బు వేరు.

క్లోమం చెప్పిన పాఠం

నిజంగా ఎంజైము లేక మనుషులు చనిపోయిన జబ్బులు ఉన్నాయి. అవి క్లోమానికి సంబంధించినవి. 19వ శతాబ్దం మధ్యలో క్లాడ్ బెర్నార్ కొవ్వు తిన్న కుందేలును కోసి చూస్తే పేగు గోడలోని రసనాళాలు ఒకచోటి నుంచే తెల్లగా కనిపించాయి. కుందేలులో క్లోమనాళం పిత్తనాళానికి చాలా దిగువన పేగులో కలుస్తుంది. తెలుపు మొదలైనది ఆ దిగువన. అంటే కొవ్వు అరగడానికి క్లోమరసం కావాలి.

1938లో న్యూయార్క్ వైద్యురాలు డొరోతీ ఆండర్సన్, తిన్నది ఒంటబట్టక చనిపోయిన పసిపిల్లల క్లోమాలు గట్టిపడి తిత్తులతో నిండి ఉండటం గమనించి, సిస్టిక్ ఫైబ్రోసిస్‌ను ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. ఈ పిల్లలకు పంది క్లోమం నుంచి తీసిన ఎంజైములు ఇవ్వాలి. కానీ లైపేజ్ జఠరంలోని ఆమ్లానికి తట్టుకోలేదు. మింగిన దానిలో చాలాభాగం పేగు చేరకముందే చచ్చిపోయేది. 1970లలో, ఆమ్లంలో కరగకుండా పేగులో మాత్రమే కరిగే పూత పూసిన సూక్ష్మమైన గుళికలు వచ్చాకే చికిత్స నిలకడగా ఫలించింది.

అదే దశాబ్దంలో మరో సంగతి తేలింది. 1973లో మేయో క్లినిక్ వైద్యులు, క్లోమం లైపేజ్ ఉత్పత్తి మామూలులో పదోవంతు కంటే తగ్గితే తప్ప మలంలో కొవ్వు పోవడం మొదలవదని చూపించారు. ప్రకృతి మనకిచ్చిన నిల్వ అంత పెద్దది. ఆరోగ్యవంతుడి క్లోమానికి మాత్ర తోడ్పాటు అవసరం లేదనడానికి ఇంతకంటే స్పష్టమైన కారణం లేదు. తొంభై శాతం పోగొట్టుకున్నవాడికి మాత్రం అది ప్రాణాధారం.

ఎక్కువైనా ప్రమాదమే. 1994లో బ్రిటన్ వైద్యులు, అధిక మోతాదు ఎంజైములు వాడిన ఐదుగురు సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల్లో పెద్దపేగు ఇరుకైపోయినట్టు ప్రకటించారు. అప్పటి నుంచి భోజనానికి కిలో బరువుకు 2,500 యూనిట్ల లైపేజ్ మించకూడదన్న హద్దు ఏర్పడింది. సీసాకూ సీసాకూ శక్తిలో తేడాలుండటం చూసి, క్లోమ ఎంజైము మందులన్నీ కొత్తగా అనుమతి పొందాలని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. 2004లో ఆదేశించింది. వాటిలో క్రియాన్ 2009లో అనుమతి పొందింది.

కాకతాళీయంగా, అదే 1994లో అమెరికా కాంగ్రెసు ఆహార సప్లిమెంట్ల చట్టం చేసింది. దాని ప్రకారం సప్లిమెంటు పనిచేస్తుందని అమ్మకానికి ముందు ఎఫ్.డి.ఎ.కు రుజువు చూపనక్కరలేదు. జబ్బు నయం చేస్తుందని మాత్రం రాయకూడదు. శరీరం పనికి 'తోడ్పడుతుంది' అని రాయవచ్చు. మనం సీసాల మీద చదివే 'పేగుల ఆరోగ్యానికి తోడ్పాటు' అన్న మాట ఆ చట్టం గీసిన గీతలోపల పుట్టింది. వైద్యశాస్త్రంలో ఆ మాటకు కొలత లేదు. క్లోమం దెబ్బతిన్న పెద్దవాళ్ళకు భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్ ఇస్తాం, అదీ పూతతో, ముద్దల మధ్యలో. సీసా మాత్రలకు ఆ లెక్కా ఉండదు, ఆ పూతా తరచుగా ఉండదు.

అన్నీ వృథా అని నా వాదం కాదు. లోటు ఫలానా అని తెలిసినప్పుడు కొన్ని చక్కగా పనిచేస్తాయి. ప్రపంచంలో మూడింట రెండు వంతుల పెద్దలకు పాలచక్కెరను విడగొట్టే లాక్టేజ్ తగ్గిపోతుంది. దక్షిణ భారతీయులలో అది ఉత్తరాది కంటే ఎక్కువ మందిలో తగ్గుతుంది. అటువంటివారికి పాలతో పాటు లాక్టేజ్ మాత్ర మేలు చేస్తుంది. పాలు పడనివారికి పెరుగు పడటానికి కారణం కూడా ఎంజైమే: పెరుగులోని సూక్ష్మజీవుల లాక్టేజ్ మన పేగులో ఆ పని చేసిపెడుతుంది. అలాగే పప్పుల్లో ఉండే కొన్ని చక్కెరలను అరిగించే ఎంజైము మనుషులెవరికీ లేదు. దాన్ని బూజు నుంచి తీసి 1990 ప్రాంతంలో అమెరికాలో అమ్మకానికి తెచ్చారు. పప్పు తిన్నాక వచ్చే గ్యాసుకు అది కొంత ఉపయోగం.

మళ్ళీ ఆ సీసా

ఉగాది విందు తరువాత ఎనిమిది నెలలకు ఆ మిత్రుడు నా క్లినిక్‌కు వచ్చాడు. చొక్కా వదులుగా వేలాడుతోంది. ఉబ్బరం కాస్త తగ్గినట్టుందని మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు. అడిగితే, మలం జిడ్డుగా, నీటి మీద తేలుతోందని సిగ్గుపడుతూ చెప్పాడు. రక్తంలో చక్కెర పెరిగింది. మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమ ఎంజైమును కొలిపిస్తే చాలా తక్కువగా ఉంది. ఆ పరీక్ష మనిషి ఎంజైమును మాత్రమే గుర్తిస్తుంది, మాత్రలోని పంది ఎంజైము దాన్ని మోసగించలేదు. స్కానులో క్లోమం నిండా రాళ్ళు. ఏనాడూ మద్యం ముట్టని మనిషి.

ఈ జబ్బు మనవాళ్ళకు కొత్త కాదు. కేరళలో గీవర్గీస్ అనే వైద్యుడు 1960లలోనే ఇటువంటి రోగులను వందలకొద్దీ వర్ణించాడు: చిన్న వయసు, కడుపునొప్పి, క్లోమంలో రాళ్ళు, ఆపైన మధుమేహం. 2002లో హైదరాబాదు సి.సి.ఎం.బి. పరిశోధకులు ఇటువంటి రోగులలో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో మార్పులున్నాయని చూపించారు. క్లోమం లోపలే ట్రిప్సిన్ చురుకెక్కకుండా పట్టి ఉంచే మాంసకృత్తిని తయారుచేసే జన్యువు అది. ఆ పట్టు సడలితే, చిన్నప్పుడు మనం బట్టీపట్టిన ట్రిప్సిన్ తన గ్రంథినే అరిగించుకోవడం మొదలుపెడుతుంది.

అతని మాత్రలు ఏ హానీ చేయలేదు. ఉబ్బరాన్ని కాస్త సర్ది, పరీక్షలను ఎనిమిది నెలలు వెనక్కి నెట్టాయి. ఆ ఎనిమిది నెలలకు అనుమతిపత్రం నా నోటి మాటే. సరైన మందు రాసేటప్పుడు అది పంది క్లోమం నుంచి తీసినదని చెప్పాను. శాకాహారి కుటుంబం. ఆ రాత్రి భార్యతో మాట్లాడుకుని, మర్నాడు ఫోన్ చేసి, "వాడతానండీ" అన్నాడు. ఇన్సులిన్ కూడా మొదలైంది. ఇప్పుడు బరువు పుంజుకున్నాడు.

ఆ పట్టికలో గ్రంథి ఉంది, రసం ఉంది, ఎంజైము ఉంది. అది ఎవరికి తక్కువైందో చెప్పే గడి లేదు. పెప్సిన్ వైన్ తాగినవారికీ, నవలలోని పంతులుకూ, మా మిత్రుడికీ లోపించినది ఆ గడే. ఇప్పటికీ విందుల్లో ఎవరో ఒకరు నాకు సీసా చూపిస్తూనే ఉంటారు. లేబుల్ చదవడం మానేశాను. బరువు తగ్గారా, మలం జిడ్డుగా ఉంటోందా, నొప్పి వీపులోకి పాకుతోందా, ఈ మధ్య షుగరు వచ్చిందా అని అడుగుతాను. ఒక్కదానికి అవునన్నా, పళ్ళెం పక్కనపెట్టి, "సోమవారం ఉదయం క్లినిక్‌కు రండి" అంటాను.