డీఎస్ఎస్ కొలైటిస్ నమూనా

డెక్స్‌ట్రాన్ సల్ఫేట్ సోడియం (డీఎస్ఎస్) కలిపిన తాగునీటితో ప్రయోగ జంతువుల్లో కలిగించే పెద్దపేగు వాపును డీఎస్ఎస్ కొలైటిస్ అంటారు. అల్సరేటివ్ కొలైటిస్ పరిశోధనలో ఇది బహుళ ప్రచారంలో ఉంది. జపాన్ పరిశోధకులు దీన్ని 1985లో హ్యామ్‌స్టర్లలో, 1990లో చిట్టెలుకల్లో వర్ణించారు. సాధారణంగా 36,000–50,000 డాల్టన్ల అణుభారం గల డీఎస్ఎస్‌ను 2–5 శాతం గాఢతతో 5–7 రోజులు ఇస్తారు.

వాపు బయటపడకముందే నష్టం మొదలవుతుంది. తొలి 12 గంటల్లోనే లోపలి శ్లేష్మపు పొర బాక్టీరియాను అడ్డుకునే శక్తిని కోల్పోతుంది. ఒక రోజుకు, ఉపకళా కణాల మధ్య అతుకులను నిలిపే జడ్‌ఓ-1 ప్రోటీన్ తగ్గుతుంది. పేగుగోడ పారగమ్యత పెరుగుతుంది. క్రిప్టుల (పేగు లోపలి పొరలోని గుంటల్లాంటి గ్రంథుల) క్షీణత, పుండ్లు, నెత్తుటి విరేచనాలు ఆ తరువాతివి. టీ, బీ లింఫోసైట్లు లేని చిట్టెలుకల్లోనూ ఈ గాయం ఏర్పడటం ముఖ్యమైన విషయం. అందువల్ల పేగుగోడ దెబ్బతినడాన్ని, మానడాన్ని పరిశీలించడానికి ఈ నమూనా తగినది. టీ కణాల పాత్రను తేల్చడానికి అంతగా సరిపోదు.