మత్తు దిగాక?

మా అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అనగానే కపిలేశ్వరపురంలో పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "నడుముకి మత్తు సూది వేస్తారుగా, నొప్పేం తెలీదు." ఆవిడ మాత్రం "అది దిగాక?" అన్నారు. డాక్టర్లకి కూడా ఈ ప్రశ్నకి జవాబు దొరకడానికి ఎనభై ఏళ్లు పట్టింది.

మత్తు కథలో మన తెలుగు నేలకీ చోటుంది. 1888లో, మళ్లీ 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు జరిగాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, నాడిని కాదు ఊపిరిని కనిపెట్టమన్నాడు. క్లోరోఫాం గుండెని నేరుగా ఆపదన్న ఆయన వాదన తర్వాత నిలబడలేదు. ఆ హైదరాబాదులోనే చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు.

వెన్నులో మత్తు మాత్రం కాలి ఆపరేషన్‌తోనే మొదలైంది. 1898 ఆగస్టు 16న జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బియర్, చీలమండకి క్షయ పట్టిన ఒక కూలీకి వెన్నులోకి కొకైన్ ఎక్కించి ఆపరేషన్ చేశాడు. కోత నొప్పి తెలియలేదు గానీ తర్వాత వాంతులు, తలనొప్పి. సంగతేమిటో చూద్దామని వారం దాటాక తనకే సూది వేయించుకోబోతే, సిరంజి సూదికి సరిపడక వెన్నునీరు కారిపోయింది. అప్పుడు సహాయకుడు హిల్డెబ్రాంట్ కూర్చున్నాడు. కాళ్లు మొద్దుబారాక ముంగాలి మీద ఇనుప సుత్తితో కొట్టారు, చుట్టతో కాల్చారు. తెలిస్తేగా! ఆ సాయంత్రం ఇద్దరూ విందు కూడా చేసుకున్నారు. మత్తు దిగాక పాపం హిల్డెబ్రాంట్‌కి వాంతులు, తలనొప్పి, ఆ పైన దెబ్బల నొప్పులు.

1901లో రుమేనియా సర్జన్ రకోవిచాను-పిటెష్టి, కొకైన్‌తో పాటు మార్ఫిన్ కూడా వెన్నులోకి ఇచ్చిన సంగతి పారిస్‌లో చెప్పాడు. ఆ దారి చాలాకాలం మూలపడింది. 1976లో యాక్ష్, రూడీ ఎలుకల మీద రుజువు చేశాక, 1979లో కేన్సర్ రోగులకిచ్చి చూశారు. వెన్నుపాములోనే మార్ఫిన్ పట్టుకునే చోట్లున్నాయి, అందుకే చిటికెడు చాలు.

ఇప్పుడు బుపివకేన్ మత్తు రెండు మూడు గంటలుంటుంది. ఫెంటనిల్ కలిపితే మరికొన్ని గంటల ఊరట, మార్ఫిన్ అయితే దాదాపు రోజంతా. కానీ దురద, వికారం రావచ్చు, అరుదుగా గంటల తర్వాత ఊపిరి మందగిస్తుంది. అందుకే రాత్రంతా నర్సు ఊపిరి లెక్కపెడుతుంది, లారీగారి పాత మాట ఇక్కడ అక్కరకొచ్చింది. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తొడ దగ్గర నరానికి మందు పెట్టడం మరో దారి. మాత్రలు కూడా మత్తు పూర్తిగా దిగకముందే మొదలుపెడతారు.

నరానికి మందు పెడితే కాలు పట్టు తప్పొచ్చు. నొప్పి లేదు కదా అని బాత్రూంకి ఒక్కరే లేస్తారేమో, పక్కనున్నవాళ్లు ఓ కన్నేసి ఉంచాలి.