నిడుగల్లు సీమలో ఎండుగడ్డియు నిప్పుకాపును

నిడుగల్లు దుర్గము తుముకూరు జిల్లా పావుగడ తాలూకాలో నున్నది. ఈ తాలూకాను ఇంచుమించు అన్ని దిక్కులను ఆంధ్రదేశమే చుట్టియున్నది. 12, 13 శతాబ్దములలో ‘ఓరయూరు పురవరాధీశ్వర’ బిరుదము గల చోళులు తొలుత హేమావతినుండియు, పిదప నీ కొండనుండియు నేలిరి. తరువాత హరతి పాళెగాండ్రు దీని నాశ్రయించిరి. రాజుల కథకు శాసనములు గలవు. గడ్డి కథకు లేవు. ఐనను ఈ సీమలో రైతును బ్రదికించినదియు, ఒక్కొకయేడు కాల్చినదియు గడ్డియే.

వానలకు నడుమెత్తు పెరిగిన బోద మాఘమునకు ఎండిపోవును. చైత్రమున ఆర్పని బీడీముక్క యొకటి చాలును. మంట గాలివాటున చఱియనుండి పట్టాభూముల గట్లకును, గట్లనుండి కళ్ళములోని వేరుసెనగకట్టె వామికిని ప్రాకును. వామి కాలినచో వేసవిమేత పోయినట్లే. ఆ రైతు ఎద్దుల నమ్ముకొనవలసినదే.

పూర్వు లీ భయమును మూడు విధముల తగ్గించిరి. మందలు గడ్డిని మేసెడివి. ఆలమందలకై పోరి మడిసినవారి వీరగల్లులు ఆ మందల విలువను తెలుపుచున్నవి. కొట్టములు కప్పుటకై బోదను కొడవళ్ళు కోసెడివి. కళ్ళముచుట్టు నేలను గీకి శుభ్రపఱచెడివారు. కాపరులు మాత్రము క్రొత్తచిగురు నాశించి కొండకు నిప్పు పెట్టుటయు కలదు.

1882లో మద్రాసు అటవీచట్టమును, 1900లో మైసూరు అటవీ రెగ్యులేషనును ఏర్పడెను. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరమయ్యెను. కాని పట్టాభూమిలోని యెండుగడ్డి రైతు వివేకమునకే విడువబడెను.

నేడా వివేకమునకు పని హెచ్చినది. పూరికప్పులు పోయి రేకులు వచ్చెను; కొడవలికి పని తగ్గెను. వలసపోయినవారి పొలములు బీడులైనవి. తిరుమణి ప్రాంతమున రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరములలో 2018లో ప్రారంభమైన సౌరవిద్యుత్కేంద్రమునందును పలకలక్రింద గడ్డి మొలచుచునే యుండును. మేయు నోరు తగ్గినచోట కోయు చేయి కావలెను.

కావున సంక్రాంతి వెళ్ళగానే గట్లగడ్డిని కోసి మేతకు చేర్చుట, వామిని ఇంటికి దూరముగ వేసి చుట్టును నేల గీకుట, పొరుగువానితో కలిసి సరిహద్దును శుభ్రపఱచుట మేలు. నిప్పునకు సర్వే నంబరు తెలియదు. పొలము బీడు పెట్టినంతమాత్రమున దానిలోని గడ్డి బాధ్యత తీరదని మనవారు గుర్తింతురుగాక.