అయిదు డాలర్ల కూలి

ఒక యజమాని తన పనివారి కూలిని ఒక్క పెట్టున రెట్టింపు చేసినచో అతనిని దాతయని కీర్తించుట లోకసహజము. 1914 జనవరి 5వ తేదీన అమెరికాలోని డిట్రాయిట్ నగరమున ఫోర్డు మోటారు కంపెనీ అట్టి ప్రకటనయే చేసెను. అంతవరకు తొమ్మిది గంటల పనికి కూలి సుమారు 2 డాలర్ల 34 సెంట్లు. ఇకమీదట ఎనిమిది గంటలకే 5 డాలర్లు! పత్రికలు ఈ వార్తను దేశదేశములకు చాటినవి. అయితే ఈ ఔదార్యమునకు వెనుక నున్న అవసరమును గూడ మనము తెలిసికొనవలెను.

హెన్రీ ఫోర్డు ఈ కంపెనీని 1903లో స్థాపించెను. 1908లో వెలువడిన మోడల్ టి కారునకు గిరాకి నానాటికి హెచ్చెను. 1910లో హైలండ్ పార్కు అను చోట విశాలమైన కర్మాగారము వెలసెను. 1913లో అచ్చట ఒక నూతన పద్ధతి ప్రవేశించెను. పూర్వము పనివాడు కారు కడకు పోయి పనిచేసెడివాడు. ఇప్పుడు కారే పనివాని కడకు రాసాగెను. గొలుసు లాగుకొని వచ్చు చట్రము తన ముందు నుండి సాగిపోవులోపల అతడు తన వంతు పని ముగింపవలెను. దినమంతయు అదే పని, అదే కదలిక. పన్నెండున్నర గంటలు పట్టెడి చట్రపు కూర్పు 1914 నాటికి సుమారు 93 నిమిషములకు దిగెను.

కంపెనీకి ఇది మహాలాభము. కాని పని యొక్క వడి పనివాని చేతి నుండి గొలుసు చేతికి పోయెను. నేర్చిన విద్యకు విలువ పోయెను. క్షణము నడుము వాల్చుటకు వీలు లేకపోయెను. మేస్త్రీల అదలింపులు నిత్యకృత్యములాయెను. పనివారు సమ్మె చేయలేదు. మాటాడక మానివేసి పోయిరి. 1913లో సుమారు 14,000 మందిని పనిలో నిలుపుకొనుటకై కంపెనీ 52,000 మందికి పైగా చేర్చుకొనవలసి వచ్చెను. అనగా ఒక్కొక్క స్థానమునకు ఏడాదిలో ఇంచుమించు నలుగురు! అయిదు డాలర్ల కూలి పుట్టుటకు ముఖ్యకారణము ఇదియే.

ప్రకటన వెలువడిన కొలది దినములలోనే వేలకొలది నిరుద్యోగులు కర్మాగారపు ద్వారముల కడ గుమిగూడిరి. గడ్డకట్టు చలిలో వారిపై గొట్టములతో నీరు చిమ్మి చెదరగొట్టిరి. లోపల నున్నవారు మాత్రము నిలిచిపోయిరి. 1915 నాటికి పని మానువారి సంఖ్య ఏడాదికి నూటికి పదునారునకు తగ్గెను.

నిలిచిపోయినవారి స్థితి యెట్టిది? ఆ 1914 జనవరి మాసముననే ఒక కార్మికుని భార్య తన పేరు తెలుపక ఫోర్డుకు ఒక లేఖ వ్రాసెను. భర్త యింటికి వచ్చి, రాత్రి భోజనమైనను ముట్టక సోలిపోవుచున్నాడనియు, ఆ గొలుసు పద్ధతి మనుష్యులను బానిసలవలె తోలుచున్నదనియు ఆమె మొరపెట్టుకొనెను. అయిదు డాలర్లు తమకు వరమే యనియు, కాని దానికి తగిన మూల్యమును వారు చెల్లించుచున్నారనియు ఆ యిల్లాలు వ్రాసెను.

పైగా ఆ అయిదు డాలర్లలో ఇంచుమించు సగము లాభములలో వాటా. దానిని పొందుటకు అర్హత కావలెను. అర్హత నిర్ణయించుటకు కంపెనీ ఒక సాంఘిక శాఖను నెలకొల్పెను. దాని ఉద్యోగులు పనివారి యిండ్లకు పోయి, ఇల్లు శుభ్రముగా నున్నదా, పొదుపు చేయుచున్నారా, మద్యపానము కలదా, ఇంట పరులకు బస యిచ్చుచున్నారా యని విచారించెడివారు. కంపెనీ అధికారము కర్మాగారపు గడప దాటి వంటయింటి వరకు వచ్చెను.

1920ల నాటికి ఈ శాఖ అంతరించెను. కాని రూజ్ నదీతీరమున నెలకొన్న మహాకర్మాగారములో హారీ బెన్నెట్ అధీనమున నున్న కాపలాదళము అంతకంటె కఠినమైన నిఘా సాగించెను. పనివేళ మాటలాడుట నిషేధము. పెదవులు కదలింపకయే గుసగుసలాడుట అచ్చటి పనివారు అభ్యసించిన విద్య! 1926లో వారమునకు అయిదు దినముల పని అమలులోనికి వచ్చెను. అది నిజముగా గొప్ప మేలు. అయినను వడిని గూర్చి ప్రశ్నించు హక్కు మాత్రము రాలేదు.

1937 మే 26వ తేదీన కరపత్రములు పంచుటకు వచ్చిన కార్మికసంఘ నాయకులు వాల్టర్ రూథర్, రిచర్డ్ ఫ్రాంకెన్‌స్టీన్ మొదలగువారిని కర్మాగారపు వంతెనపై కంపెనీ మనుషులు చావమోదిరి. పత్రికలవారు తీసిన ఛాయాచిత్రములు ఆ దృశ్యమును లోకమునకు చూపినవి. జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలు 1937లోనే సంఘమును గుర్తించినవి. ఫోర్డు కంపెనీ 1941 ఏప్రిల్ నాటి సమ్మె తరువాత, ఆ జూన్ మాసమున ఒడంబడికపై సంతకము చేసెను.

అయిదు డాలర్ల ప్రకటనకును ఈ ఒడంబడికకును నడుమ ఇరువదియేడేండ్లు గడచినవి. మొదటిది పనివానిని నిలిపినది. రెండవది అతనికి నోరిచ్చినది. కనుక అధిక వేతనమిచ్చి అధిక శ్రమ కోరు సంస్థను గూర్చి విన్నపుడు, కూలి యెంతయని అడిగి ఊరకుండరాదు. అచ్చటి పని వడిని నిర్ణయించునది యెవరు, అది భరింపరానిదైనపుడు ఆ మాట భయము లేక చెప్పుకొనుటకు పనివానికి తావు కలదా యనియు అడుగవలెను.